తుమ్ముల పాట

జులై 8, మంగళవారం

ఈ డైరీ గాజుల షాపు శోభనాద్రి గారు ఇచ్చింది. 2019ది. ఇన్నాళ్లూ బియ్యం డబ్బా కింద ఎత్తుకి పెట్టాను. ఇవాళ లాగాను, డబ్బా ఒక పక్కకి వాలింది. వారాలు కలవవు. కొట్టేసి రాసుకుంటున్నాను.

నా నోరు బందరంతటికీ తెలుసు. నా చెయ్యి ఎవరికీ తెలీదు. రోల్డుగోల్డు గాజులకి రాళ్లు అంటించే చెయ్యి అని మాత్రం తెలుసు.

అక్కని బెజవాడ తీసుకెళ్లి తీసుకొచ్చాను. అవనిగడ్డ నుంచి చెవిలో దూది పెట్టుకుని వచ్చింది పాపం. దూది ఏకే నిజాముద్దీన్ కూతురు గనక దూదికి కరువేముంది అన్నాను. నవ్వలేదు. ఎడం చెవి ఎప్పుడో పోయింది. ఇప్పుడు కుడి చెవిలో ఎముకని చీము తినేస్తోందట. ఆపరేషన్ చెయ్యకపోతే లోపలికి పాకుద్దట. చేస్తే వినికిడి ఉంటుందో పోతుందో చెప్పలేనన్నాడు డాక్టరు. ఆగస్టు నాలుగున రమ్మన్నాడు.

"నాలుగో తారీకు పొద్దున దాకా వినపడుద్దాండీ?" అని అడిగింది అక్క.

"వినపడుతుందమ్మా."

"అయితే చాలండీ."

ఏం చాలో నాకు అర్థం కాలేదు.

ఆస్పత్రి వరసలో కూర్చుని విసుగేసి, ఇవాళ టోకెన్లు చివర్నుంచి పిలుస్తారంట అని పక్కామె చెవిలో వేశాను. పది నిమిషాల్లో వరసంతా లేచి తిరగబడింది. నర్సు వచ్చి గుండె బాదుకుంది. అందరూ నవ్వారు, తిట్టినవాళ్లు కూడా. అక్క నవ్వలేదు. మా అక్క ఖాసింబీ నా వేషాలకి నవ్వి ముప్పై తొమ్మిదేళ్లయింది.

జులై 9

రాళ్లు అంటించాను. వంగలేకపోతున్నాను. యాభై నాలుగంటే ఇంతేనా.

జులై 12, శనివారం

పొద్దున నేను పని చేసుకుంటుంటే అక్క ఎదురుగా వచ్చి కూర్చుంది.

"ఒసేయ్ అస్మా, ఆ పాట ఏంటో నాకు తెలియాలే."

"ఏ పాట?"

"ఏ పాటా? నాన్న కట్టేసిన పాట."

జిగురు గాజు మీద పడాల్సింది వేలు మీద పడింది.

ఆ రోజు సంగతి మొత్తం చెప్పుకొచ్చింది. ఆదివారం మధ్యాహ్నం. నాన్న వసారాలో దూది ఏకుతున్నాడు. పక్కన రేడియో. శ్రోతలు కార్డుముక్క రాసి కోరిన హిందీ పాటలు వేసే వేళ. పాట ముందు పేర్లు చదువుతారు కదా, ఎక్కడెక్కడి ఊళ్లో, ఎవరెవరో. మన ఊరి పేరు ఎప్పుడొస్తుందా అని అక్క గుమ్మంలో చెవులు రిక్కించుకుని ఉంది. వచ్చింది. "మచిలీపట్నం నుంచి పెద్దిరాజు, ఖాసింబీ" అని. రెండు పేర్లూ పక్కపక్కన, ఒక్క ఊపిరిలో.

నాన్న లేచాడు. దూది చేత్తోనే రేడియో కట్టేశాడు. పాట మొదలుకాలేదు ఇంకా.

తర్వాత రేడియోలు బాగుచేసే షాపుకెళ్లి పెద్దిరాజు చొక్కా పట్టుకున్నాడు. మన రేడియో బాగుచేసి తెచ్చి ఇచ్చేది ఆ పిల్లాడే. ఇరవై రెండేళ్లు. నవ్వడం తెలీని మొహం. తల దించుకుని "నేనే రాశానండీ, ఆ అమ్మాయికి ఏం తెలీదు" అన్నాడట. వారంలో ఊరొదిలిపోయాడు. నలభై రోజుల్లో అక్కకి అవనిగడ్డ తాహిర్‌తో నిఖా చేశాడు నాన్న. తాహిర్ బావ పదిహేనేళ్లు పెద్ద, మొదటి భార్య పోయినవాడు. మంచివాడే. పాట గిట్టదు. రేడియో ఇంట్లోకి రానివ్వలేదు చచ్చిపోయేదాకా.

నాకు తెలియనట్టు చెప్పింది. నాకు తెలియనట్టు విన్నాను.

"ఒక మనిషి నన్ను తలుచుకుని పాట అడిగాడే. ఏ పాటో నేను వినలేదు. అది వినకుండా చెవుడు తెచ్చుకోలేను."

జులై 13

ఆ కార్డు నేను రాశాను. నాకు పదిహేనేళ్లు. ప్రాథమిక పరీక్ష పాసైన హిందీ. నవ్వించడానికే రాశాను.

నవ్వించడానికే.

జులై 16, బుధవారం

అక్క రోజూ నా ఫోను పట్టుకుని కుడి చెవికి ఆనించుకుని కూర్చుంటోంది. ఒక్కో పాటా వేయించుకుని, ఇది అయ్యుండొచ్చా అని ఆలోచిస్తుంది.

"ఆయన నిదానం మనిషే. నౌషాద్ అయ్యుంటాడు."

"ఊఁ."

"శంకర్ జైకిషన్ అయ్యుండదు. వాళ్లది మరీ బ్యాండుమేళం. మదన్ మోహన్ అంటావా?"

"ఊఁ."

"తలత్ గొంతు అయ్యుంటే బాగుండు. కొంచెం వణుకుద్ది. రేడియో ఇచ్చేటప్పుడు ఆయన చెయ్యి అలాగే వణికేది. ఏంటే ఊఁ ఊఁ అంటావు, నోరు పడిపోయిందా?"

చిన్నప్పుడు మాకు ఆ పాటల్లో సగం మాటలే తెలిసేవి. మిగతా సగానికి అక్క సొంత అర్థం పెట్టి నాకు చెప్పేది. లత పాడుతుంటే ఇదిగో ఇప్పుడు ఏరు దాటుతోంది, ఇప్పుడు వెనక్కి చూసింది అనేది. స్కూల్లో హిందీ నేర్చుకున్నాక చూస్తే పాటలో ఏరూ లేదు, వెనక్కి చూడటమూ లేదు. అక్కదే బాగుంది.

నేను కార్డు మీద రాసింది తుమ్ముల పాట. కమెడియన్ ఎవడో సంతలో పరాయివాడి గొడుగు ఎత్తుకుపోయి, వానలో దొరికిపోయి, తుమ్ముతూ పాడతాడు. పల్లవికి రెండు తుమ్ములు. పాడినవాడెవడో కట్టినవాడెవడో ఇవాళ ఎవడికీ తెలీదు. పెద్దిరాజు ఎప్పుడూ జలుబు చేసినట్టు మొహం పెట్టేవాడని ఆ పాట. అక్క ఆ మొహం వంకే చూసేదని పక్కన అక్క పేరు.

నౌషాద్ ఎక్కడ, తుమ్ములు ఎక్కడ.

ఇంటావిడ వెంకటరత్నమ్మ గారు వచ్చి, మీ అక్క ఏంటమ్మా పొద్దస్తమానం పాటలు అంది. ఆవిడ చెప్పులు తీసి అటుది ఇటూ ఇటుది అటూ పెట్టాను. అలాగే వేసుకుని వెళ్లిపోయింది. అలవాటు మీద చేశాను. సరదాగా లేదు.

జులై 19, శనివారం

"గుడివాడ వెళ్లి ఆయన్నే అడిగి రావే" అంది అక్క.

"గుడివాడా?"

"స్టేషను దగ్గర షాపు ఉంది. రేడియోలు, మిక్సీలు బాగుచేస్తాడు. నాకు పదేళ్ల నుంచి తెలుసు."

"మరి ఎప్పుడన్నా..."

"నోర్ముయ్. పెళ్లాం బిడ్డలున్న మనిషి దగ్గరకి నేనెందుకెళ్తాను? నువ్వెళ్లు. నీకు సిగ్గూ శరం ఎటూ లేవు. పాట పేరు అడుగు, వచ్చెయ్. ఇంకో మాట మాట్లాడకు."

పాట పేరు నాకే తెలుసని చెప్పాలి. ఎలా తెలుసంటుంది. చెప్పాలి.

జులై 22

గుడివాడ వెళ్లలేదు. వెళ్లానన్నాను. బస్టాండులో మూడు గంటలు కూర్చుని వచ్చాను. షాపు మూసి ఉందన్నాను. అక్క నా కాళ్లకి కొబ్బరినూనె రాసింది, తిరిగి తిరిగి వచ్చానని.

జులై 24, గురువారం

వెళ్లాను. ఆ నూనె భరించలేక.

పొద్దుటి ప్యాసింజరు. పెడన, గుడ్లవల్లేరు, రెండు పక్కలా నాట్లు. నా పథకం నాకుంది. పెద్దిరాజుతో అసలు సంగతి చెప్పెయ్యాలి, తిట్టించుకోవాలి. ఆనక కాళ్లా వేళ్లా పడి, మంచి రఫీ పాట ఒకటి తానే అడిగానని ఆయన చేత అక్కకి ఫోనులో చెప్పించాలి. మనుషుల్ని ఆడించడం నాకు కొత్తా?

షాపు ముందు భాగంలో వాళ్లమ్మాయి అనూష ఫోన్ల కవర్లు అమ్ముతోంది. లోపల ఆయన. జుట్టు మొత్తం నెరిసింది. మొహం అదే, జలుబు మొహం. నన్ను చూసి స్క్రూడ్రైవరు కింద పెట్టాడు.

"నువ్వు పరుపుల నిజాముద్దీన్ గారి చిన్నమ్మాయివి కదూ? మా షాపుకొచ్చి అన్ని రేడియోలకీ ముల్లు తిప్పేసి పారిపోయేదానివి."

"నేనేనండీ."

"కూర్చో. అనూషా, అత్తకి టీ చెప్పమ్మా. మీ అక్క బాగుందా?"

"తాహిర్ బావ పోయి రెండేళ్లయిందండీ. అక్కకి చెవి బాగాలేదు. నాలుగో తారీకు ఆపరేషను. వినపడుద్దో లేదో చెప్పలేమన్నారు."

ఆయన ఏదో రేడియో వెనక మూత తీశాడు, పెట్టాడు. నేను గొంతు సవరించుకుని మొదలుపెట్టబోయాను. ఆయనే అన్నాడు.

"మీ అక్క కార్డు రాసింది చూడు. ఆ రోజు షాపులో ఆరు రేడియోలు ఉన్నాయమ్మా. సరిగ్గా పలుకుతున్నాయో లేదో చూడాలని ఆరూ ఒకే స్టేషన్‌లో పెట్టాను. ఆరింట్లోనూ ఒక్కసారే మా పేర్లు."



"అక్క రాసిందా అండీ?"

"మరింకెవరు రాస్తారు? నేనైతే రాయలేదుగా. అరగంటలో మీ నాన్న వచ్చాడు. ఆడపిల్ల రాసిందని తెలిస్తే కొట్టి చంపుతాడని నేనే రాశానన్నాను. ఆ మాట అక్కకి చెప్పకు. సిగ్గుపడుద్ది." టీ వచ్చింది. ఆయన తాగలేదు. "మా ఆవిడ నాలుగేళ్ల కిందట పోయింది. నా సంసారం బాగానే నడిచిందమ్మా, అబద్ధం ఎందుకు. ఇది వేరే సంగతి."

"ఊఁ."

"ఆ పాట ఎందుకు అడిగిందో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను. తుమ్ముల పాట. విన్నావా నువ్వు? పల్లవికి రెండు తుమ్ములు వస్తాయి. ఒక్క తుమ్మైతే ఆగమని. రెండు తుమ్ములైతే శుభం, కదలమని. మరి కదిలి ఎటు? వచ్చి మీ నాన్నని అడగమందా, ఊరొదిలి వెళ్లమందా? వారం రోజులు ఆలోచించాను. ఆయన కోపం చూసి, వెళ్లమందేమోలే అనుకుని వచ్చేశాను."

అనూష కవర్లు సర్దుతూ అక్కణ్నుంచే అంది: "మళ్లీ ఆ పాటేనా నాన్నా? మా ఇంట్లో ఎవరన్నా ఒక్కసారి తుమ్మితే రెండోది తుమ్మేదాకా ఊరుకోడండీ. అమ్మని మిరియాల పొడి పెట్టి మరీ తుమ్మించేవాడు."

"బెజవాడలో క్యాసెట్లు ఎక్కించే ప్రతి షాపూ తిరిగాను దాని కోసం" అన్నాడాయన. "పదకొండేళ్లకి దొరికింది. అనూషా, అత్త ఫోనులోకి పంపమ్మా. చెవి పోయేలోపు ఒకసారి వింటుందేమో." తర్వాత గొంతు తగ్గించి, "వీలైతే కనుక్కుంటావా, ఎందుకడిగిందో? ఏం చెప్పినా పర్లేదు" అన్నాడు.

నేను చెప్పాలనుకున్నది చెప్పలేదు. ఒక్క ముక్క కూడా. తలూపాను.

తిరుగు రైల్లో ఎదురు సీటు పిల్ల నన్ను చూసి నాలుక బయటపెట్టింది. తిరిగి పెట్టాలి కదా. పెట్టలేకపోయాను.

జులై 25

"ఏం పాటన్నాడు?"

"గుర్తుచేసుకుని చెప్తానన్నాడు."

అక్క మొహం చూడాల్సింది కాదు. "మర్చిపోయాడా" అంది.

జులై 28, సోమవారం

కుడి చెవిలో పాలకాయతిప్ప సముద్రం హోరు వినపడుతోందట అక్కకి. నేను మాట్లాడితే మూతి వంక చూస్తోంది.

తేల్చేసుకున్నాను. నౌషాద్ కట్టిన రఫీ పాట ఒకటి ఫోనులో ఎక్కించి పెట్టుకున్నాను, వింటే రాయి కూడా తడుస్తుంది. ఆయనకి గుర్తొచ్చింది, ఇదేనంట అంటాను. వింటుంది. ఏడుస్తుంది. అయిపోతుంది. ఎవరికి నష్టం? బందరు బంగారం చేసే ఊళ్లో పుట్టినదాన్ని. పూత గట్టిదైతే లోపల ఇత్తడని ఎవరు గీకి చూస్తారు?

అక్కకి ఏది సుఖమో అదే చేస్తున్నాను. నా కోసం కాదు.

జులై 31, గురువారం

రఫీ పోయిన రోజు. పొద్దుట్నుంచి ఎక్కడ చూసినా రఫీయే. ఆయన పోయిన సంవత్సరం నాకు తొమ్మిదేళ్లు. నాన్న ఆ రోజు దూది ముట్టలేదు, అక్క అన్నం ముట్టలేదు. నేను ఇద్దరి అన్నమూ తిన్నాను.

గుడివాడ నుంచి కబురొచ్చింది, పాట పంపాడని చెప్పాను. అక్క లేచి వెళ్లి మొహం కడుక్కుంది. పెట్టెలోంచి కుంకుమరంగు చీర తీసి కట్టుకుంది. చెవిలో దూది తీసేసింది. వచ్చి మంచం మీద కూర్చుని, చేతులు ఒళ్లో పెట్టుకుని, "ఊఁ, పెట్టు" అంది. యాభై ఎనిమిదేళ్ల మనిషి, పెళ్లిచూపులకి కూర్చున్నట్టు.

ఫోను తీశాను. రెండు పాటలూ ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. పైది రఫీ. వేలు పైకి పోవాలి. ఎందుకు పోలేదో నాకు తెలీదు. మంచిదాన్నై మాత్రం కాదు. చాలా అలసటగా ఉంది, అంతే. ముప్పై తొమ్మిదేళ్లు ఒకే వేషం వేసి ఉన్నట్టుంది.

కిందది నొక్కి అక్క చెవికి ఆనించాను.

తబలా. బాజా పెట్టె. రెండు తుమ్ములు.

అక్క కళ్లు చిట్లించింది. మళ్లీ రెండు తుమ్ములు. గొడుగుగలాయన అరుపులు. సంతలో జనం నవ్వు. మూడు నిమిషాల పైన ఉంది ఆ పాట. కదలకుండా విన్నది. అయిపోయాక ఫోను నా చేతిలో పెట్టింది.

"నాన్న వెనకాల నిలబడి నువ్వు ఇలాగే తుమ్మేదానివి" అంది.

"ఊఁ."

"నువ్వా?"

"ఊఁ."

కొడుతుందనుకున్నాను. గోడ వంక చూస్తూ కూర్చుంది.

"అరనిమిషం" అంది. "నాన్న అరనిమిషం ఆగి కట్టేసి ఉంటే ఈ పాట మొదలయ్యేది. ఈ తుమ్ములు వినగానే ఎవరి పనో ఇంట్లో అందరికీ తెలిసేది. నీ వీపు విమానం మోత మోగేది. తర్వాత అందరం నవ్వేవాళ్లం."

ఆ మాట నాకు మొదట్నుంచీ తెలుసు. నాన్న చెయ్యి రేడియో మీద పడ్డప్పుడు నేను తలుపు వెనకే ఉన్నాను. ఒక్క తుమ్ము తుమ్మి ఉంటే చాలు. నోరు మూసుకున్నాను. ఊళ్లో నన్ను నోరున్నది అంటారు.

గుడివాడ సంగతి మొత్తం చెప్పాను. ఆయన రాయలేదని. అక్క కోసం తానే రాశానన్నాడని. అక్కే రాసిందనుకుంటున్నాడని. రెండు తుమ్ములకి వెళ్లమని అర్థం చేసుకుని ఊరొదిలాడని. పెద్దగా అరుస్తూ చెప్పాల్సి వచ్చింది, వినపడక. ఇలాంటి మాటలు అరిచి చెప్పడం ఎంత కష్టమో. వెంకటరత్నమ్మ గారు కిటికీలోంచి తొంగిచూసి పోయింది.

అక్క చీర మార్చుకుని పడుకుంది. మధ్యాహ్నం మూడు.

ఆగస్టు 1

మాట్లాడలేదు.

ఆగస్టు 2, శనివారం

పొద్దున టీ అక్క పెట్టింది. నా గ్లాసులో ఉప్పు ఉంది. మొత్తం తాగాను. పొరపాటో కాదో అడగలేదు.

పదింటికి మాట్లాడింది. "పోస్టుకార్డు కొనుక్కురావే." అంతే.

పోస్టాఫీసు పిల్ల ఇంకా కార్డులు రాసేవాళ్లున్నారా అత్తా అంది. కార్డు తీసుకుని వచ్చేశాను.

ఆగస్టు 3, ఆదివారం

అక్కకి రాయడం సరిగ్గా రాదు. తను చెప్పింది, నేను రాశాను. మధ్యలో ఒక్కచోట కూడా నా సొంతం కలపలేదు. మాట పొల్లుపోకుండా ఇక్కడ కూడా రాసి పెట్టుకుంటున్నాను.

"పెద్దిరాజు గారికి ఖాసింబీ నమస్కారం. అడిగారట గనక చెబుతున్నాను. కార్డు నేనే రాశాను. రెండు తుమ్ములు వెళ్లమని కాదు. మీరు ఎప్పుడూ నవ్వరు గదా, నవ్వుతారేమో చూద్దామని. నవ్వారా? మా నాన్న అడిగినప్పుడు మీరు చెప్పిన మాటకి నేను సిగ్గుపడను. పాట బాగుంది."

"ఇది అబద్ధం కదక్కా" అన్నాను, కాగితం మీద రాసి చూపించి.

"నీకు తెలియని విద్యా?"

"కింద నా పేరు రాయనా? ఇప్పుడన్నా చెప్పనీ ఆయనకి."

నా పెదాల వంక చూసి అర్థం చేసుకుంది.

"నీ పేరెందుకు? కార్డు ఆయనా నేనూ రాసుకున్నాం. మధ్యలో నీకేం సంబంధం?"

కోపంతో అన్నదో, వదిలేసి అన్నదో. ఇంకా అదే మాట తిప్పుకుంటున్నాను.

ఆగస్టు 4, సోమవారం

బెజవాడ. ఆస్పత్రి మెట్ల మీద రాస్తున్నాను.

బస్సు దిగగానే ఎర్రడబ్బాలో కార్డు వేశాను. మొదటి కార్డూ నేనే వేశాను, బందరులో. ఆ రోజు నవ్వు ఆపుకోలేక డబ్బాకి ఆనుకున్నాను. ఇవాళా ఆనుకున్నాను.

చెవికున్న పోగులు తీసి నా చేతిలో పెట్టింది అక్క. రోల్డుగోల్డువే, నేను చేసిచ్చినవే. పూత చెక్కుచెదరలేదు.

లోపలికి తీసుకెళ్లే ముందు పాట వేయనా అని సైగ చేశాను. రఫీ వేయమంటుందేమో అనుకున్నాను. చెయ్యి ఊపింది, వద్దని. నర్సు చక్రాల మంచం తోసింది. తలుపు దగ్గరకి వెళ్లాక అక్క తల ఇటు తిప్పి, నా మొహంలోకి చూస్తూ, తుమ్మింది.

ఒక్కటే.

నర్సు ఆగిపోయింది. "జలుబు చేసిందా అమ్మా? డాక్టర్ గారికి చెప్పాలి" అంది కంగారుగా, అక్క చెవి దగ్గర వంగి.

"లేదమ్మా" అంది అక్క. నా వంకే చూస్తోంది. నా ప్రాణాలు అక్కడే నిలబడిపోయాయి.

అప్పుడు రెండోది తుమ్మింది.